చెత్తకుప్పలో హోస్టా

2022. మెల్‌బోర్న్‌లో, క్లేటన్‌కు దగ్గర్లో ఒక నర్సరీ. యూనివర్సిటీలో చదివిన చదువుకు ఉద్యోగం దొరక్క అక్కడ చేరాను. మాది నర్సరీలకు పేరుపడ్డ కడియం. మొక్కల మధ్య పుట్టిన నాకు ఇంకొకరు నేర్పేదేమిటన్న పొగరు బాగానే ఉండేది.

ఏప్రిల్‌లో, నర్సరీకి తరచూ వచ్చే తెలుగావిడ సరోజ ఆంటీ ఒక కుండీ పట్టుకొచ్చారు. వెడల్పాటి ఆకులు, అంచులు అప్పుడే పసుపు తిరుగుతున్నాయి.

"మేముండే ఇల్లు పడగొట్టేస్తన్నారమ్మా. మా అమ్మాయి ఫ్లాట్‌కి బాల్కనీ కూడా లేదు. కొత్త ఇల్లు దొరికేదాకా నీ దగ్గరుంచు. పక్కింటి మిసెస్ లిన్ ఇచ్చిన మొక్క ఇది. ఆవిడిప్పుడు ఏజ్డ్ కేర్‌లో, అదే ముసలివాళ్ళ హోమ్‌లో ఉన్నారు. ఫిబ్రవరిలో పూస్తది, పట్టుకెళ్ళి చూపించాలి. ఆ పై ఏడు ఉంటారో లేదో."

అది హోస్టా. ఆ మొక్కల్లో చాలావాటికి వాసన ఉండదు. చైనాలో పుట్టిన ఒక జాతికి మాత్రం ఘుమఘుమలాడే తెల్లటి పువ్వులు, సాయంత్రాలు విచ్చుకుంటాయి. ఆంటీది అందులోంచి వచ్చిన ముద్దపువ్వు కల్టివార్, అంటే మనుషులు ఎంచి, పేరు పెట్టి పెంచుకున్న రకం. పేరు ఆఫ్రొడైటి. మొగ్గ ఆకారాన్ని బట్టి చైనావాళ్ళు ఆ జాతి పువ్వును జేడ్ రాతి జడపిన్ను అంటారట.

జూన్‌లో, అంటే అక్కడి చలికాలంలో, ఒక పొద్దున చూస్తే ఆకులన్నీ కుళ్ళి కుండీ అంచుకు అంటుకుపోయాయి. కడియంలో అలా అయిన మొక్క బతకడం నేనెరగను. నీళ్ళు ఎక్కువ పోసి చంపేశాననుకున్నాను. ఎవరూ చూడకుండా తీసుకెళ్ళి వెనకాల కంపోస్టు కుప్ప మీద బోర్లించేశాను.

ఇక మనసు ఒకచోట నిలిస్తే ఒట్టు. ఆంటీ ప్రతి ఆదివారం ఫోన్ చేసేవారు.

"మొక్కెలా ఉందమ్మా?"

"బాగుందండి ఆంటీ."

అబద్ధం చెప్పిన ప్రతిసారీ అన్నం సహించేది కాదు. అలాంటిదే ఇంకొకటి కొని పెట్టేద్దామని ఊరంతా వాకబు చేశాను. చలికాలంలో ఎవరి దగ్గరా లేదు.

మూడు వారాలయ్యాక ఓనర్ గ్రెగ్ ఆ హోస్టా ఏదని అడిగాడు. చచ్చిపోయిందన్నాను.

"ఇట్స్ నాట్ డెడ్. డార్మెంట్!" అన్నాడు, నవ్వుతూ.

డార్మెంట్ అంటే నిద్ర. ఈ మొక్క చలికాలంలో ఆకులన్నీ వదిలేసి మట్టికింద పడుకుంటుంది. మిగతాది వినకుండా పార పట్టుకుని పరుగెత్తాను. మూడు వారాల చెత్త తవ్వుతుంటే పార తగిలి మొదలు ఒక పక్క తెగిపోయింది కూడా. మిగిలిన ముక్క మీద గోరంత మొలకలు రెండు కనబడ్డాయి. అక్కడే కూలబడి ఏడ్చేశాను.

మళ్ళీ కుండీలో పెట్టాను. వసంతంలో ఆకులొచ్చాయి, నా కంగారు మాత్రం పోలేదు. తెగిన మొక్క పూస్తుందా? పైగా వేడి చాలకపోతే ఈ రకం మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోతాయి. ఎండాకాలంలో చల్లటి రోజు వచ్చిందంటే ఆ కుండీ చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. ఫిబ్రవరిలో ఒకే ఒక్క కాడ లేచింది, పూసింది.

కుండీ తీసుకెళ్ళడానికి ఆంటీ వచ్చిన సాయంత్రం ఇక దాచలేక మొత్తం చెప్పేశాను. ఆవిడ కుండీ చేతుల్లోకి తీసుకున్నారు.

"మొదటేడు నేనూ పారేశానమ్మా. చచ్చిందనుకుని తోట చెత్త వేసే గ్రీన్ బిన్‌లో పడేశా. మిసెస్ లిన్ చూశారు. ఒక్క మాటనలేదు, తీసుకొచ్చి మా గుమ్మం పక్కన మళ్ళీ పాతేసి వెళ్ళిపోయారు. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. మా స్నేహం అక్కడే మొదలైంది."

నన్నూ వెంట తీసుకెళ్ళారు. మిసెస్ లిన్ మంచం మీద కూర్చుని, కళ్ళు మూసుకుని పువ్వు వాసన చూశారు. ఆంటీ నన్ను చూపించి, చేత్తో విసిరి పారేసినట్టు సైగ చేశారు. ఆ పెద్దావిడ పగలబడి నవ్వి, నా చెంప మీద మెల్లగా ఒకటి వేశారు.

తెలియకపోతే పారేసే ముందు అడగాలని ఆ మొక్క నాకు నేర్పింది. అయినా జూన్ వస్తే ఇప్పటికీ కుదురుండదు. పొద్దున్నే వెళ్ళి ఒక్కో హోస్టా కుండీలో వేలు పెడతాను. మొలక తగిలేదాకా నమ్మను.