డైనమో హోరు

వనపర్తిలో కారు మిస్త్రీలందరికీ జోగమ్మ అంటే జంకే. ఆమె భర్త కురుమయ్య పాత డీజిల్ అంబాసిడర్‌ను కిరాయిలకు తిప్పేవాడు. బండి వీధి మలుపు తిరుగుతుండగానే వాకిలి ఊడుస్తున్న జోగమ్మ చీపురు ఆపి, "ముంగటి చక్రంల ఏదో గీకుతుంది సూడు" అనేది. విప్పి చూస్తే బేరింగు పోయి ఉండేది. ఒకసారైతే ఏదో గుడ్డిగా అన్నదనుకోవచ్చు, ప్రతిసారీ అంతే. "మా ఇంటామెవి పాముచెవులు. మీరు పొద్దంత ఎతికినా దొర్కనిది ఆమె వాకిట్ల నిలవడి చెప్తది" అని కురుమయ్య మిస్త్రీలను ఏడిపించేవాడు. ఆ మాట ఆమె ముందు మాత్రం అనేవాడు కాదు, నెత్తికెక్కుతుందని.

పిల్లలు లేరు. ఇంట్లో సందడి అంటే ఆమె పాటే. పుట్టిల్లు గద్వాల అవతల, రాయచూరు తోవలో. అటువైపు మాటల్లో కన్నడం కలుస్తుంది కాబట్టి చాలు అనడానికి ఆమె 'సాకు' అనేది. బండిలో ముందు సీట్లో ఆమె కూర్చుంటే కురుమయ్య టేపు చప్పుడు కొద్దికొద్దిగా పెంచుతూ పోయేవాడు. 'సాకు' అనగానే చెయ్యి తీసేవాడు. ఆపైన వెంట్రుకవాసి కదిపినా ఊరుకునేది కాదు. పెళ్లయినప్పటి నుంచి అది వాళ్లిద్దరి ఆట.

అలాంటి మనిషికి టీబీ వచ్చింది. మందులు మొదలుపెట్టి, ఒళ్లు తేరుకోగానే మధ్యలో మానేసింది. అది తిరగబెట్టింది. ఈసారి మాత్రలతో పాటు సూదులు కూడా రాశారు. దవాఖానలో నర్సు నవనీత మొదటిరోజే చెప్పింది, "చెవులల్ల హోరొచ్చినా, కండ్లు తిరిగినా నాకు చెప్పాలె అక్కా. ఈ మందు కొందరికి చెవుల మీదికి వస్తది" అని. జోగమ్మ తలూపింది. కురుమయ్య ఆ సమయానికి బయట బండి వెనక్కి తిప్పుకుంటున్నాడు.

సూదికి వెళ్లే తోవలో ఆమె ముఖం వాడిపోయి ఉండేది. డాక్టర్లు చేసేది డాక్టర్లు చేస్తారు, తన చేతిలో ఉన్నది పాట ఒక్కటే అనుకున్నాడు. సామ్యూల్ అనే కరెంటు మిస్త్రీ చేత డిక్కీలో ఆంప్లిఫయర్, పెద్ద బేస్ బాక్సు పెట్టించాడు. పెళ్లి కిరాయిలకు పనికొస్తుందని ఆమెతో అబద్ధమాడాడు. ఆమె నమ్మలేదు గానీ సంబరపడింది.

పాట బాగానే మోగింది. కానీ డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా ముందు లైట్లు మసకబారేవి. సామ్యూల్ బానెట్ ఎత్తి చూసి పెదవి విరిచాడు.

"కురుమన్నా, ఆంప్లి అడిగినంత కరెంటు నీ డైనమో ఇయ్యలేకపోతుంది. గా సన్న వైర్ల నుంచి ఎంత పోతది? ఉంచుతవా, తీసేద్దామా?"

"తీసేస్తే ఆమె ఊకుంటదా? ఏం గావాల్నో చెప్పు."

ఇద్దరూ కలిసి ఆ పని పట్టారు. పాడైన పెద్ద వ్యాను నుంచి దొడ్డు డైనమో తెచ్చి బిగించారు. డిక్కీలో రెండో బ్యాటరీ పెట్టారు. ఇంజను ఆపినా పాట నడవాలని కురుమయ్య కోరిక. ముందు బ్యాటరీ నుంచి డిక్కీ దాకా, బండి లోపల నేల మీది పట్టా కింద, బొటనవేలంత రాగి వైరు లాగారు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు వేశారు. ఎర్తు కూడా అంతే దొడ్డుగా ఉండాలన్నాడు సామ్యూల్. లైట్లు మళ్లీ మిణుకుమనలేదు. కురుమయ్య ఆ రోజు కొత్త పెళ్లికొడుకులా ఇంటికొచ్చి హారన్ కొట్టాడు.

మర్నాడు సూదికి పోతుంటే జోగమ్మ తల పక్కకు వంచి వింది.

"పాట ఎన్క ఏదో హోరొస్తుంది."

"ఏం హోరే?"

"సన్నగ, కూ అని. మీరు పెట్టిన కొత్త డైనమోదే గావొచ్చు."

డైనమో చప్పుడు పాటలోకి దూరడం డ్రైవర్లందరికీ తెలిసిన తలనొప్పే. కురుమయ్యకు ఏమీ వినిపించలేదు. అయినా తన చెవులెక్కడ, ఆమె చెవులెక్కడ? అనుమానించడానికి అతనికి కారణమే కనపడలేదు. జోగమ్మకూ అంతే. ఇన్నేళ్లుగా ఏ వింత చప్పుడు విన్నా అది బండిలోదే అయ్యేది. అందుకే నవనీత మాట ఆమెకు గుర్తే రాలేదు.

సామ్యూల్ ఎర్తు బోల్టు కింద రంగు గీకి మళ్లీ బిగించాడు. టేపు నుంచి వచ్చే సన్న వైరును దొడ్డు వైరుకు దూరంగా, రెండో పక్కకు మార్చాడు. ఇంజను మీద రేసు ఇచ్చి జోగమ్మను అడిగాడు.

"వదినా, ఇప్పుడు హోరు పెరిగిందా?"

"లేదయ్యా. ఒక్క తీర్గనే ఉంది."

"డైనమోదైతే రేసుతోని పెరగాలె గదా" అని సామ్యూల్ తల గోక్కున్నాడు. "నాకైతే అసలు ఇనొస్తలేదు కురుమన్నా."

"నీకెట్ల ఇనొస్తది? ఆమెవి పాముచెవులు" అన్నాడు కురుమయ్య. మొదటిసారి ఆమె ముందే అన్నాడు. జోగమ్మ సిగ్గుపడి కొంగు సర్దుకుంది.

సూదులు సాగుతూనే ఉన్నాయి. హోరు పోలేదు సరికదా, పాట సన్నబడుతోందని ఆమె అంది. కురుమయ్య ఇంకా పెద్ద ఆంప్లిఫయర్ వేయించాడు. పిలిచినా ఆమె పలకకపోతే సూదుల నీరసం అనుకున్నాడు. ఇప్పుడు టేపు ఎంత పెంచినా 'సాకు' అన్న మాట రావడం లేదు. మనిషికి పాట మీద మోజు పెరిగిందని మురిసిపోయాడు, పిచ్చి మారాజు!

సూదులు అయిపోయాయి. మొక్కు తీర్చుకుందామని సోమశిలకు తీసుకుపోయాడు. దర్శనమయ్యాక కృష్ణ ఒడ్డున చెట్టు నీడకు బండి ఆపి, ఇంజను బంద్ చేశాడు. డైనమో తిరగడం లేదు, ఇక హోరు ఎక్కడి నుంచి వస్తుంది? రెండో బ్యాటరీ ఉండనే ఉంది. ఆమెకు ఇష్టమైన కలుపు పాట పెట్టి, ఆమె ముఖమే చూస్తూ చప్పుడు పెంచుతూ పోయాడు. తలుపులు అదిరాయి. పడవల వాళ్లు ఇటు తిరిగి చూశారు. ఒకాయన చెవులు మూసుకుని తిడుతూ పోయాడు. కురుమయ్య 'సాకు' కోసం ఎదురుచూస్తున్నాడు.

జోగమ్మ నీళ్లకేసి చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఇటు తిరిగింది.

"హోరొక్కటే వస్తుంది. పాట పెట్టవా?"

అతని చెయ్యి టేపు మీదే ఉండిపోయింది. ఆగిపోయిన ఇంజను గుర్తొచ్చింది. "జోగీ" అని పిలిచాడు. అరిచాడు. ఆమె అతని పెదాలనే చూస్తూ భయపడింది.

హైదరాబాదులో చెవుల డాక్టరు పరీక్షలన్నీ చేసి, నరం పోయిందన్నాడు. హోరు మొదలైనప్పుడే చెప్పి ఉంటే సూది ఆపేవాళ్లు, కొంతైనా వినికిడి మిగిలేది అన్నాడు. ఎందుకు చెప్పలేదని కురుమయ్యను అడిగాడు. ఆమె చెప్పింది. హోరు వచ్చిన మొదటి రోజే చెప్పింది. తనే ఆ మాటను పట్టుకుపోయి దవాఖానలో కాకుండా సామ్యూల్ షెడ్డులో అప్పజెప్పాడు. ఆ దవాఖాన మెట్ల మీద కూర్చుని, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు. జోగమ్మ పక్కన కూర్చుని, ఎవరికి ఏమైందోనన్నట్టు అతని వీపు నిమిరింది.

టీబీ పోయింది, ఆ మాటకు వస్తే. తిరిగొచ్చాక ఆంప్లిఫయర్, బాక్సు రెండూ తీసేయించాడు. విప్పుతున్నంతసేపూ సామ్యూల్ తల ఎత్తలేదు. దొడ్డు వైరు మాత్రం పట్టా కింద అలాగే ఉంది.

కొన్నాళ్లకు, నాగర్‌కర్నూల్ కిరాయికి పోతుంటే జోగమ్మ కూడా ముందు సీట్లో ఎక్కింది. వెనక ఎవరివో చుట్టాలు ముగ్గురు ఉన్నారు. ఊరు దాటగానే అలవాటుగా అడిగింది.

"పాట పెట్టినవా?"

లేదని తల ఆడించబోయాడు. ఆమె కళ్లలోని ఆశ చూసి అతనికి చేతకాలేదు. అవునన్నట్టు ఊపాడు.

"కలుపు పాటేనా?"

మళ్లీ ఊపాడు. జోగమ్మ సీటులో సర్దుకుని కూర్చుని, టేపుతో కలిసి పాడుతున్నాననుకుని పాట ఎత్తుకుంది. గొంతు ఎక్కడికో పోతోంది, రాగం ఒకచోట నిలవడం లేదు. ఆ పాట ఎట్లా ఉందో బండిలో అందరికీ తెలుస్తోంది, ఆమెకు తప్ప. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కురుమయ్య అద్దంలోంచి ఒక్క చూపు చూశాడు, నవ్వు ఆగిపోయింది.

బిజినేపల్లి దగ్గర ఆమె పాట ఆపి, అతని భుజం తట్టింది.

"సాకా?"

కురుమయ్య రోడ్డు మీది నుంచి కళ్లు తిప్పకుండా, చాలదని తల అడ్డంగా ఊపాడు. జోగమ్మ నవ్వి, మళ్లీ మొదటి నుంచి అందుకుంది.