వెనక చక్రం దగ్గరి తూటు

కొత్త బండికి తూటు పడనివ్వనని మా ఆయన, చక్రాల వెనక బురద చిందకుండా ఆపే రబ్బరు మడ్‌ఫ్లాపులు లేకపోతే ఆ బండి ఎక్కనని నేను. పద్దెనిమిదేళ్ల కాపురంలో మా చివరి గొడవ అదే.

బండి అంటే కరెంటు కారు. తెల్లది. నెలల తరబడి ఎదురుచూశాక వచ్చింది. గుడి ముందు నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి ఇంటికి తెచ్చుకున్నాం. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఆయన తీయనివ్వలేదు. స్టీరింగుకు ఒక గుడ్డ, అద్దాలకు ఇంకో గుడ్డ. పెళ్లైన కొత్తలో నన్ను కూడా ఇంత అపురూపంగా చూసుకోలేదు కదా అని ఏడిపించాను. నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

పుప్పాలగూడలో మా సందులో ఎప్పుడూ ఏదో ఒక బిల్డింగు లేస్తూనే ఉంటుంది. నాలుగు చినుకులు పడితే చాలు, ఎర్రటి బురద. మొదటి వానకే తలుపుల దాకా బురద కొట్టింది. దిగేటప్పుడు నా చీర కుచ్చిళ్లకు మొత్తం అంటుకుంది. ఆ రోజు ఆఫీసులో నేను పదిమంది ముందు నిలబడి మాట్లాడాలి. నిలబడి మాట్లాడానే గానీ, అందరి చూపూ నా కాళ్ల మీదే ఉన్నట్టు అనిపించింది. సాయంత్రం ఇంటికి రాగానే అందుకున్నాను.

"రేపే మడ్‌ఫ్లాపులు వేయించు."

"వేయాలంటే డ్రిల్లింగు చేస్తారే. తూటు పడితే లోపలికి నీళ్లు పోతాయి. కింద బ్యాటరీ ఉండాది. పాత కారుకు ఏమైందో చూళ్లేదా నువ్వు?"

చూశాను. మడ్‌ఫ్లాపుల స్క్రూలు బిగించినచోట తుప్పు పట్టి, రేకు బిస్కెట్టులా విరిగి చేతిలోకి వచ్చింది. ఆయన మాటలో న్యాయం ఉందని తెలిసీ ఊరుకోలేకపోయాను. మొండితనం నాకు పుట్టుకతో వచ్చింది.

"నీకు నాకంటే ఆ రేకు ఎక్కువైపోయింది" అన్నాను.

"అవునే, ఎక్కువే" అన్నాడు.

కోపంలో అన్న మాటేనని ఇద్దరికీ తెలుసు. అయినా మాటలు మానేశాం. మా ఇంట్లో అలిగితే తిండి మానేది లేదు, మాట మానడమే. కంచం ముందుకు జరిపితే అన్నం కావాలని, చెయ్యి అడ్డం పెడితే చాలని. ముందు నోరు తెరిచినవాళ్లు ఓడిపోయినట్టు. ఓడినవాళ్లను ఆ పూటంతా ఆటపట్టించడం, దాంతో అలక తీరిపోవడం మాకు మామూలే.

మూడో రోజు ఉదయం వాన పడుతోంది. ఆయన గుమ్మంలో బూట్లు వేసుకుంటూ, "గొడుగు యాడుంది?" అన్నాడు.

ఆయనే ఓడిపోయాడు. నేనిక పలకవచ్చు. పలకలేదు. ఇంకొంచెం బెట్టు చేద్దామనిపించింది. చెయ్యి చాపి చెప్పుల స్టాండు పక్కకు చూపించాను. గొడుగు తీసుకుని, ఒకసారి నా వైపు చూసి వెళ్లిపోయాడు.

పదకొండున్నరకు ఆయన ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మీటింగులో కూర్చున్న కుర్చీలోనే ఒరిగిపోయాడట. నేను ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. నలభై ఏడేళ్లు.

ఆ తర్వాత కారు నేనే నడిపాను. మడ్‌ఫ్లాపుల ఊసు ఎత్తలేదు. ఆయన వద్దన్న పని చేయకుండా ఉంటే, అదే క్షమాపణ అవుతుందనుకున్నాను. ఇంకేరకంగా అడగను? వాన పడిన ప్రతిసారీ బకెట్టు పట్టుకుని సెల్లారులోకి దిగి తలుపులు కడిగేదాన్ని. మా వాచ్‌మన్ పాలమూరు మనిషి. "ఇయ్యుండ్రమ్మా, నేను కడుగుత" అని చెయ్యి చాపేవాడు. ఇచ్చేదాన్ని కాదు. ఒకసారి, "ఎనక గా రబ్బర్లు ఏపిస్తే గింత పరేషాన్ ఉండదు గదమ్మా" అన్నాడు. ఆ మాటకు అతని మీద గట్టిగా అరిచాను. పాపం, తెల్లబోయాడు.

ఏడాది తిరిగి మళ్లీ వానలు వచ్చాయి. ఒక ఉదయం గేటు దాటుతుంటే వెనక చక్రం గుంటలో పడింది. అద్దంలో చూశాను. గేటు పట్టుకుని నిలబడ్డ వాచ్‌మన్ ఛాతీ నిండా బురద. కూతురి బడిలో మీటింగు ఉందని ఆ రోజు యూనిఫాం విప్పి తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. పరుగున దిగాను.

"ఏం కాదమ్మా, కడిగితే పోతది" అంటూ అరచేత్తో తుడుచుకున్నాడు. మరక ఇంకా పరుచుకుంది. ఆ చొక్కాతోనే బస్సెక్కి వెళ్లాడు.

నాకు సిగ్గేసింది. నేను ఆయనకు చెప్పుకుంటున్న క్షమాపణ వెళ్లి ఇంకొకరి చొక్కా మీద పడుతోంది. అటునుంచి అటే కొత్తగూడలో ఒక కార్ల సామాను కొట్టుకు వెళ్లాను.

"తూటు చిన్నగా వేయండి. నీళ్లు పోకుండా ఏదైనా పూయండి. కింద బ్యాటరీ ఉంది" అని మెకానిక్‌కు మా ఆయన మాటలే అప్పజెప్పాను. అతను టార్చి పట్టుకుని చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. నిమిషంలోనే పిలిచాడు.

"మేడమ్, జర ఇటు రాండ్రి. డ్రిల్లింగ్ అవసరమే లేదు. కంపెనోళ్లే హోల్స్ ఇచ్చిన్రు. పైన మూతలు పెట్టిన్రు, చూడుండ్రి."

స్క్రూడ్రైవరు మొనతో చొక్కా గుండీ అంత నల్లటి మూతను ఊడదీసి నా చేతిలో పెట్టాడు. దాని వెనక గుండ్రంగా, శుభ్రంగా ఒక తూటు.

"కారు తీస్కున్నప్పుడు చూస్కోలేదా?"

చూసుకోలేదు. ఆయన బండి పుస్తకం రెండుసార్లు చదివాడు. నాదేమో ఆఫీసులో చదువుకున్నవాళ్లకే పాఠాలు చెప్పే ఉద్యోగం. ఇద్దరిలో ఒక్కరం కూడా వంగి ఆ చక్రం వెనక చూడలేదు.

నేల తడిగా ఉన్నా చక్రం పక్కనే కూలబడ్డాను. ఆ తూటులో చిటికెన వేలు పెట్టాను.

"ఇదో, ఈడుంది" అన్నాను, పైకే. ఆయన గొడుగు అడిగిన ఉదయం నేను అనాల్సింది ఈ రెండు మాటలే.

మెకానిక్ తనతో అన్నాననుకున్నాడు.

"ఔ మేడమ్, గదే" అన్నాడు.