గట్టు చివర ఇత్తెరశ్శాయ్

సూర చేపల వేటకు పడవ బయలుదేరే రోజున తొమియో తన పూటకూళ్ళ దుకాణం మూసేస్తుంది. పొయ్యి మీద ముల్లంగి పులుసు ఉడుకుతున్నా సరే, దించేసి, వెదురుగడకు జెండా కట్టుకుని రేవుకు పరుగెడుతుంది. డెబ్బై దాటిన మనిషి. ఆమె "ఇత్తెరశ్శాయ్!" అని కేకేస్తే లైట్‌హౌస్ మీది పిట్టలన్నీ లేచిపోతాయి. "తొమియో ఉండగా మైకు దండగ" అని రేవులో వేళాకోళం.

జపాన్‌లో ఆ మాట అనని ఇల్లుండదు. గడప దాటేవాళ్ళు "వెళ్ళొస్తా" అంటారు, ఇంట్లో ఉండేవాళ్ళు ఇత్తెరశ్శాయ్ అంటారు. బడికెళ్ళే పిల్లకైనా, ఉప్పు కొనడానికెళ్ళే మొగుడికైనా అంతే. తొమియో ఈడుదాన్నే నేను, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అంటూనే ఉన్నాను గానీ, ఆ మాటను ఎన్నడూ విప్పి చూసుకోలేదు.

ఆ వసంతంలో ఇంజను పనివాడు షున్‌పేయ్ మొదటిసారి దూరపు వేటకు బయలుదేరాడు. ఆకులు రాలే దాకా తిరిగి రాడు. పెళ్ళయి ఏడాది కాలేదు. భార్య మరితెస్ ఫిలిప్పీన్స్ పిల్ల, చేపల షెడ్డులో పని. రంగు కాగితపు రిబ్బన్లకు ఒక కొస పడవలో వాళ్ళూ, ఇంకో కొస ఒడ్డున వాళ్ళూ పట్టుకుని కేరింతలు కొడుతుంటే, ఆ పిల్ల చేతులు కట్టుకుని నిలబడింది. షున్‌పేయ్ ఆమెనే చూస్తున్నాడు.

"ఏమే, నోట్లో ముద్దుందా? అనవేం?" అంది తొమియో.

"పొద్దున గుమ్మంలో కూడా నేను అనలేదు పిన్నీ. బూట్లు తొడుక్కుని చాలాసేపు నిలబడ్డాడు. అయినా అనలేదు."

"ఓరి నాయనో! ఆ మాట వినకుండా వెళ్తే వాడికి నడిసముద్రంలో కంటిమీద కునుకుంటుందా?"

"నాకు పంపడమే ఇష్టం లేదు. మరి వెళ్ళమని ఎలా అనను?"

పడవ కూత వేసింది. రిబ్బన్లు పటపటా తెగుతున్నాయి.

తొమియో జెండా పక్కనున్న నా చేతిలో పడేసి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని రాళ్ళ గట్టు మీద పరుగందుకుంది. వెనకాల నేను. పరుగులోనే పాఠం.

"పిచ్చిమొహమా! అది వెళ్ళమనడం కాదే! వెళ్ళి మళ్ళీ రమ్మనడం! వెళ్ళడం ఎటూ తప్పదు, నువ్వడిగేది రావడమే! ఇల్లు ఖాళీ చేసి పోయేవాళ్ళతో ఎవరైనా అంటారా ఆ మాట?"

"రమ్మనడమా?" మరితెస్ టక్కున ఆగింది.

"ఆగకు! లైట్‌హౌస్ దాటితే వాడికిక వినబడదు!"

ఇన్నేళ్ళుగా అంటున్న మాటను నేనూ అప్పుడే మొదటిసారి విన్నట్టయింది.

గట్టు చివరికి చేరేసరికి పడవ లైట్‌హౌస్ పక్కకు వచ్చేసింది. తొమియో నోరు తెరిచింది. గొంతు రాలేదు, ఊపిరంతా పరుగు తినేసింది. నువ్వే అనమని చేత్తో పొడిచింది.

మరితెస్ అరచేతులు నోటి చుట్టూ పెట్టుకుంది.

"షున్‌పేయ్! ఇత్తెరశ్శాయ్! ఇత్తెరశ్శాయ్!"

పిట్టలు లేచిపోయాయి. పడవ వెనక భాగంలో షున్‌పేయ్ టోపీ పీకి ఊపుతూ గెంతాడు. "వెళ్ళొస్తా! వెళ్ళొస్తానే!" కెప్టెన్ ఆపకుండా కూత మోగించాడు. డెబ్బై ఏళ్ళ దాన్ని, నేనూ జెండా ఎత్తి పిచ్చిదానిలా ఊపాను.

తొమియో రాళ్ళ మీద చతికిలబడింది. "నా నోటికి పోటీ తయారైంది. సరే, వాడు తిరిగొచ్చాక గుమ్మంలో 'వచ్చావా' అంటూ పలకరించేది ఇంకో మాటుంది. అదీ నేర్చుకుందువుగాని, పద, పులుసు చల్లారిపోతోంది."

"అది నాకు ముందే వచ్చు పిన్నీ," అంది మరితెస్, పడవ మీంచి కళ్ళు తిప్పకుండానే.