పిడికిట్లో బొటనవేలు

మా ఆయన పోయిన ఏడాదికి సావుకారు పాత బాకీ మీద దావా వేశాడు. కరీంనగర్ కచేరికి నన్ను తీసుకెళ్లడానికి వాళ్ల గుమాస్తానే వచ్చాడు. బస్సు టికెట్ కూడా తనే కొన్నాడు.

"కొత్త కాగితం మీద ఏలుముద్ర ఎయ్యి, దావా వాపస్ తీసుకుంటం. లేకుంటే ఇల్లు జప్తే" అన్నాడు.

సుల్తానాబాద్ దాటేదాకా బస్సులో అదే మాట చెబుతూ వచ్చాడు.

ఇంజన్‌లో నీళ్లు పోయడానికి బస్సు ఆగితే గుమాస్తా చాయ్‌కి దిగాడు. పక్కన కూర్చున్న ముసలామె అంతా విన్నట్టుంది.

"ముద్ర ఎయ్యకు బిడ్డా. గిప్పుడు గది నీ మొగని బాకీ. నువ్వు ఏలు పెడితే నీ బాకీ అయితది."

"ఇల్లు గుంజుకుంటే పిల్లలను తీస్కొని ఏడికి పోవాలె?"

"నేను గట్లనే బుగులుపడి ఏసిన. మా అవ్వ ఇచ్చిన చెలక సుత పోయింది."

మా అవ్వ నాకిచ్చిన మెట్టభూమి, ఆ చెలక గుర్తొచ్చింది. ముసలామె నా బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగతా వేళ్లు దాని మీద ముడిచి గట్టిగా నొక్కింది. గుమాస్తా బస్సెక్కగానే మొహం కిటికీ వైపు తిప్పుకుంది. అతనంటే ఆమెకూ భయమే.

కచేరి అరుగు మీద అతను సిరా డబ్బీ తెరిచి నా మణికట్టు పట్టుకున్నాడు. నేను పిడికిలి విప్పలేదు.

చివరికి మా ఆయన ఇల్లు జప్తులో పోయింది. నా చెలక మిగిలింది, దానిమీదే పిల్లలు పెరిగారు. తర్వాత సంతకం నేర్చుకున్నాను. అయినా ఎవరైనా సిరా డబ్బీ మూత తీస్తే, ఈనాటికీ నా బొటనవేలు పిడికిట్లో దాక్కుంటుంది.