పార్లమెంటులో ఆగిపోయిన మా రైలు

మొన్న మా గుడివాడలో ఎదురింటి అమ్మాయి, కాలేజీలో చదువుతున్న పిల్ల, ఫోను తెచ్చి నా కళ్ళ ముందు పెట్టింది. మన ఎంపీ పార్లమెంటుకు ఎన్నాళ్ళు వెళ్ళాడో, ఏం ప్రశ్నలు వేశాడో, దేని మీద మాట్లాడాడో అన్నీ ఇందులో ఉంటాయి, చూడండి తాతయ్యా అంది. చూశాను. పరీక్ష మార్కుల కాగితంలా ఉంది. బాగుందమ్మా అని ఫోను తిరిగి ఇచ్చేశాను గానీ, ఆ పూటంతా మా మావయ్యే గుర్తొస్తూ కూర్చున్నాడు. ఆ ఫోను చేసే పని ఒకప్పుడు నేను చేసేవాణ్ణి, అదీ బస్సులో వెళ్ళి. 

అరవైల మొదట్లో నేను బందరులో ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తాగా చేరాను. ఆయన ఇంగ్లీషు పేపరు తెప్పించుకుని, చదవడం అయ్యాక నా బల్ల మీద పడేసి కోర్టుకు వెళ్ళేవారు. మావయ్యకు దివిసీమలో, కృష్ణ దాటి గుంటూరు జిల్లాకు వెళ్ళే పడవల రేవులో కాఫీ హోటలు ఉండేది. హోటలంటే ఒక తాటాకు పాక, రెండు బల్లలు, అత్తయ్య పోసే పెసరట్లు. మా వైపు అప్పట్లో బస్సు ఎక్కడ ఆగాలో నిర్ణయించేది సర్కారు కాదు, కాఫీ. రేవుకు ఇవతలే ఆగి వెనక్కి తిరిగే బస్సును, డ్రైవరుకీ కండక్టరుకీ ఊరికే కాఫీ పోసి పోసి తన పాక ముందుకు రప్పించుకున్న ఘనుడు మావయ్య. తరవాత అక్కడే స్టాపు బోర్డు కూడా పాతారు. దాన్ని ఆయన ఒక రాజ్యం గెలిచినట్టు చెప్పుకునేవాడు. ఎవరం కాదనేవాళ్ళం కాదు, చేతిలో పెసరట్టు ఉండేది కదా.

ఎన్నికలొచ్చాయి. నిలబడ్డ పెద్దమనిషి బందరు నుంచి దివిసీమ మీదుగా రైలు వేయిస్తానని చెప్పి, గెలిచి ఢిల్లీ వెళ్ళాడు. కొన్నాళ్ళకు సర్వే వాళ్ళు కొలత గొలుసులతో వచ్చి, రేవుకు మైలు దూరంలో వరి పొలాల మధ్య రాళ్ళు పాతి, మావయ్య హోటల్లోనే తిని వెళ్ళారు. ఆ తరవాత మా ఎంపీ పార్లమెంటులో లేచి రైలు సంగతి అడగడం, విషయం పరిశీలనలో ఉన్నదని మంత్రిగారు జవాబు చెప్పడం, ఆ సాయంత్రమే పంచాయతీ రేడియోలో ఆ వార్త రావడం జరిగింది. ఢిల్లీ నోట దివిసీమ పేరు వినబడేసరికి, రేడియో ముందు కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. పరిశీలనలో ఉందంటే, మా ప్లీడరుగారు ఓడిపోయే కక్షిదారుకు కేసు బాగానే నడుస్తోందని చెప్పడం లాంటిదే అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు.

"నీకన్నీ వేళాకోళాలేరా," అన్నాడు మావయ్య. "బస్సు నా కాఫీకి ఆగిందా లేదా? రైలు నడిపేదీ మనిషేగా."

స్టేషను ఎక్కడ కట్టాలో తేలకముందే ఆ సర్వే రాళ్ళ దగ్గర హోటలుంటే, రైలు దాని ముందే ఆగి తీరుతుందని ఆయన లెక్క. వారం తిరక్కుండా పాక విప్పి, రుబ్బురోలుతో సహా బండికెత్తించి, సర్వే రాయి పక్కన మళ్ళీ వేశాడు. అత్తయ్య బండి వెనకాల నడిచింది. రేవులో ఖాళీ అయిన చోట పడవ నడిపే సరంగుగారి బావమరిది వెంటనే పొయ్యి వెలిగించాడు.

అప్పట్నుంచి శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళి, ఆ వారం మా ఎంపీ పార్లమెంటులో ఏం చేశాడో మావయ్యకు చెప్పడం నా ఉద్యోగంలో భాగమైంది. చాలా వారాలు ఆయన పేరు పేపర్లో ఉండేదే కాదు. ఒకసారి పంచదార మీద మాట్లాడాడు. కాఫీలో పడేది పంచదారే కాబట్టి అదీ మన కోసమేనని మావయ్య సమాధానపడ్డాడు. ఇంకోసారి నిజంగానే రైలు గురించి మళ్ళీ అడిగాడు. జవాబూ మళ్ళీ అదే, అక్షరం కదల్లేదు. వానాకాలంలో ఆ పొలం గట్ల మీదికి కొంగలు తప్ప బేరాలు రాలేదు. కొంగలకు కాఫీ అలవాటు చేయమని సలహా ఇచ్చాను. మావయ్య నవ్వాడు గానీ, పొయ్యి దగ్గర అత్తయ్య రుబ్బే పప్పు నానాటికీ తగ్గిపోవడం నాకు కనబడుతూనే ఉంది. ఆయన నీళ్ళకు వెళ్ళినప్పుడు ఆవిడ తలెత్తకుండా అడిగింది.

"నిజం చెప్పు అబ్బాయ్. వస్తుందా?"

 పేపర్లో ఉన్నంతవరకే నాకు తెలుసన్నాను.

ఎంపీగారు బందరు వచ్చి ట్రావెలర్సు బంగళాలో దిగినప్పుడు మావయ్యను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. కుర్చీ వేయించి, చెప్పిందంతా విన్నాడు.

"అడగడం వరకే నా చేతిలో పనండీ. అడిగాను, మళ్ళీ అడుగుతాను. రైలు నా దగ్గర లేదు," అన్నాడు.

"మీరే అట్లా అంటే మేమింకెవర్ని అడగాలండీ?" అన్నాడు మావయ్య.

 ఎంపీగారు మాకు కాఫీ తెప్పించాడు. కాఫీ బాగాలేదని తిరుగు బస్సులో మావయ్య చెప్పాడు. 

ఇంతలో ఆ లోక్‌సభ గడువు తీరింది. సభతోపాటు అందులో తేలకుండా మిగిలిన ప్రశ్నలూ పోయినట్టేనని ఆ శనివారం బస్సు దిగగానే చెప్పేశాను. అయితే మళ్ళీ మొదట్నుంచీ అడగాలా అన్నాడు మావయ్య. అడిగేవాళ్ళుంటే అన్నాను. ఆ పెద్దమనిషి మళ్ళీ నిలబడలేదు. వేసవిలో పాక కూలితే మావయ్య దాన్ని లేపలేదు. రేవులో తాను రప్పించిన బస్సు స్టాపు దగ్గరే, సరంగుగారి బావమరిది హోటల్లో కాఫీ కలిపే పనికి కుదిరాడు. పాత డ్రైవర్లు ఆయన చేతి కాఫీని గుర్తుపట్టి పలకరిస్తే, తల వంచుకునే ఇంకో గ్లాసు పోసేవాడు.

ఇవాళ్టికీ దివిసీమలో రైలు కూత లేదు. ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, ఎవరో ఒకరు పరిశీలిస్తూనే ఉంటారు. మారింది మేమే. అప్పుడు ఢిల్లీలో ఒక పెద్దమనిషి ఒక్క మాటంటే, దివిసీమలో ఒక సంసారం పొయ్యితో సహా లేచి పొలంలోకి నడిచింది. ఇప్పుడు ఎవరేమన్నా ఎవరూ కూర్చున్న బెంచీ కూడా జరపరు. తెలివొచ్చిందని సంతోషించాలి. ప్రయత్నిస్తూనే ఉన్నాను.