చిలక పీట

కొత్తగా కొన్న కరెంటు పెన్నుతో చెక్క మీద బొమ్మ కాలుస్తుంటే లేచిన పొగ, నన్ను తెనాలిలో మా పాత ఇంట్లో దింపింది.

నాకప్పుడు ఆరేళ్లు. అన్నం దగ్గర పేచీ పెడితే అమ్మ, "అట్లకాడ కాల్చి వాత పెడతా" అనేది. ఆ ఆదివారమూ అంది. కాసేపటికి వసారాలోకి వెళ్తే, నాన్న కుంపటి ముందు కూర్చుని ఇనపచువ్వ ఎర్రగా కాలుస్తున్నాడు. తాలూకాఫీసు గుమాస్తా అయిన నాన్న సెలవుల్లో సరదాగా చెక్కపని నేర్చుకుంటున్నాడని తెలుసు. చెక్కపనికి నిప్పెందుకు? అక్కడున్న బియ్యం డబ్బా వెనక నక్కాను.

"బుజ్జమ్మా, ఇట్రా. నీకోసమే ఇది."

"వద్దు నాన్నా, అన్నం తినేస్తా!" అని భోరుమన్నాను.

"ఏంటే, ఎందుకా ఏడుపు?" నాన్నకు అర్థం కాలేదు. గుమ్మంలో నిలబడ్డ అమ్మకు అర్థమైంది. నన్నెత్తుకుని నాన్న పక్కన కూర్చుంది. చువ్వ తగిలినచోటల్లా పనసచెక్క కమ్మగా పొగలు కక్కింది. ముక్కు, రెక్క, కాస్త వంకరగా తోక. నా అన్నం పీట మీద చిలక వాలింది.

ఆ పీట మీద కూర్చుని కూడా నేను పేచీలు మానలేదు. వాత మాట మాత్రం అమ్మ మళ్లీ ఎత్తలేదు. మా అమ్మాయి మారాం చేసినప్పుడు అదే మాట నా నాలుక చివరిదాకా వచ్చిన రోజు గానీ, నేనది గమనించలేదు.