సింహం పిడికి చింతపండు

నిన్న ఈ అరబ్బు దేశంలో, ఫహాహీల్‌లోని నా గది వంటింట్లో చారుకు చింతపండు పిసుకుతుంటే ఫోనులో అక్క గొంతు వచ్చింది. "నా పని ఖలాస్ మే. ఈడ ఉండనిచ్చే ఇఖామా క్యాన్సిల్ జేసినారు, ఊరికి పోతాండా. పొయ్యేలోపల ఒకసారి వచ్చి కనపడు" అని రికార్డు చేసి పంపింది. పిసుకుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

అక్క అంటే తోడబుట్టినది కాదు. రాయచోటి మనిషి, మిష్రిఫ్‌లో నేను మొదట చేరిన ఇంట్లో వంట చేసేది. నేను దిగిన రోజు ఏడుస్తుంటే తన దుప్పటిలో సగం నాకు కప్పింది. ఆ ఇంటాయనను బాబా అని, ఆవిడను మామా అని అక్కడి వాడుక ప్రకారం పిలిచేవాళ్ళం. బాబాకు కత్తుల పిచ్చి. తెరచాప ఓడల కాలంలో నౌకాదళం అధికారులు నడుముకు కట్టుకున్న కత్తులు, లంగరు బొమ్మలు చెక్కినవి, ఒక గది నిండా ఉండేవి. వాళ్ళ తాత కూడా తెరచాప ఓడ నడిపి మలబారు దాకా వెళ్ళేవాడట. పాపం ఆయన ఓడలో ఖర్జూరం బస్తాలే తప్ప కత్తి లేదు. ఆ లోటు మనవడు తీరుస్తున్నాడని అక్కా నేనూ నవ్వుకునేవాళ్ళం.

నా చెయ్యి నిదానమని చూసి బాబా ఆ గది తాళంచెవి నాకిచ్చాడు. అప్పటికి అక్క ఆ ఇంట్లో పన్నెండేళ్ళుగా ఉంది, నేను చేరి రెండేళ్ళు. తెల్లటి గుడ్డ గ్లౌజులు వేసుకోవాలి, ఉక్కుకు చుక్క నూనె రాసి తుడవాలి. సింహం తల ఉన్న పిడిని మాత్రం తోమకూడదు. దానికి ఇత్తడి మీద బంగారు పూత, రెండు వందల ఏళ్ళకు మసకబారింది. ఆ మసకలోనే విలువంతా ఉందని బాబా అంటే అక్క మూతి తిప్పింది. మన ఇళ్ళల్లో చెంబును అలా నల్లగా ఉంచితే పరువు పోదా అంది.

ఒక శుక్రవారం ఇంట్లో విందు. అతిథులు వచ్చేలోపల కత్తుల గది ఊడ్చమని తాళంచెవి అక్క చేతికిచ్చి, మేడ మీద పిల్లలకు స్నానాలు చేయించి దిగేసరికి సింహం తళతళలాడుతోంది. బంగారం లేదు, వట్టి ఇత్తడి. నా గ్లౌజులు చింతపండు మరకలతో నా సొరుగులోనే ఉన్నాయి. బాబా అడిగితే అక్క నన్నే చూపించింది. తర్వాత వంటింట్లో నా వైపు చూడకుండా, "నీకేం మే, చిన్నదానివి. యాడన్నా పని దొరుకుతాది" అంది.

నేను కాదని చెప్పాను. బాబా గ్లౌజుల వంక చూశాడు. తిట్టలేదు, చెయ్యి చాపాడంతే. తాళంచెవి ఇచ్చేశాను. ఆ చాపిన చెయ్యి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. నెల తిరక్కుండా నన్ను వేరే ఇంటికి పంపేశారు.

పూత పోతుందని తెలియక తోమి, భయపడి నా మీదకు తోసిందని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. భయపడినవాళ్ళను క్షమించగలను. కానీ అక్క తన జన్మలో ఒక్క గిన్నెనైనా గ్లౌజులు వేసుకుని తోమిన మనిషి కాదు. ఆ ఒక్కరోజే వేసుకుంది, అవీ నావి.

ఆ గొంతు రెండుసార్లు విన్నాను. వెళ్ళను. రెండు వందల ఏళ్ళు నిలిచిన పూత అరగంటలో పోయింది. ఆ అరగంట మాత్రం పదకొండేళ్ళయినా నాలోంచి పోలేదు.